టైటానియం డయాక్సైడ్ నానో రేణువులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: టైటానియం డయాక్సైడ్ (పెయింట్లు, సన్‌స్క్రీన్లు, మాత్రల పూతల్లో వాడే తెల్ల పొడి) దేనితోనూ రసాయన చర్య జరపదు, కాబట్టి ఏ సైజులో ఉన్నా భయం లేదు.

పెద్ద రేణువు వరకు ఈ మాట చాలావరకు నిజమే. 20 నానోమీటర్లకు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) దిగితే మాత్రం అదే గ్రాము పొడికి ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, దానిమీద అతినీలలోహిత కాంతి పడితే శరీర కణాన్ని దెబ్బతీసే ఆక్సిజన్ రాడికల్స్ (చాలా చురుగ్గా చర్య జరిపే ఆక్సిజన్ రూపాలు) పుడతాయి. స్ఫటిక రూపాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. ల్యాబుల్లో ఎక్కువగా వాడే పీ25 అనే నానో పొడిలో సుమారు 80 శాతం అనటేజ్, అంటే చురుకైన రకం. సన్‌స్క్రీన్‌లో వేసేది ఎక్కువగా రూటైల్, అంటే అంత చురుకు లేని రకం, దానికి పైన సిలికా లేదా అల్యూమినా పూత కూడా ఉంటుంది. ఒకదాని ఫలితం తెచ్చి ఇంకోదానికి అంటగడితే ఎలా?

అపోహ: ల్యాబ్ డిష్‌లో పెంచిన కణాలు ఈ పొడికి చచ్చిపోయాయి, అంటే మనిషికీ విషమే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు పోస్తే రేణువులు మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) గుంపులు కట్టి, కిందికి దిగి కణాల మీద మేట వేస్తాయి. మామూలు మనిషి ఊపిరితిత్తుల్లో కణాలకు ఒక్కరోజులో అంత మోతాదు తగలదు. మీడియంలో సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) ఉంటే ప్రోటీన్లు రేణువులకు అంటుకుని మళ్లీ కథ మారుతుంది. పైగా పరీక్షలే మోసం చేస్తాయి: బతికున్న కణాలను రంగును బట్టి లెక్కించే ఎంటీటీ పరీక్షలో రేణువులు కాంతిని చెదరగొట్టి రీడింగ్ పెంచేస్తాయి, చచ్చిన కణాల నుంచి బయటికి కారే ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌ను తమకే అంటించుకుని చచ్చిన కణాల లెక్క తగ్గిస్తాయి, డీఎన్‌ఏ తెగిందా అని చూసే కామెట్ పరీక్ష స్లైడ్లను లైటు కింద వదిలేస్తే తెగని డీఎన్‌ఏ కూడా తెగినట్టు కనిపిస్తుంది. కణాలు లేకుండా రేణువులతో మాత్రమే కంట్రోల్ (పోల్చి చూసే పరీక్ష) పెట్టారా లేదా అన్నది చూడండి. పెట్టకపోతే గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా ఆ పేపర్ నేను పక్కన పడేస్తాను.

అపోహ: యూరప్ నిషేధించింది, అంటే విషమని తేలిపోయింది.

తేలలేదు. జన్యు పదార్థానికి హాని చేసే అవకాశాన్ని తోసిపుచ్చలేమని 2021లో అక్కడి ఆహార భద్రతా సంస్థ చెప్పింది, ఆ అనుమానంతోనే 2022లో ఆహారంలోంచి ఈ171ని (ఆహారంలో తెల్లరంగుగా వాడే టైటానియం డయాక్సైడ్ కోడ్) తీసేశారు. 2023లో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నిపుణుల కమిటీ మాత్రం రోజువారీ పరిమితి పెట్టాల్సిన పనే లేదంది. యూరప్‌లో కూడా మాత్రల పూతలో దీన్ని ఆపలేదు.

అపోహ: సన్‌స్క్రీన్ రాస్తే రక్తంలోకి పోతుంది.

గాయం లేని చర్మమైతే పైనున్న మృత పొరలోనే దాదాపు ఆగిపోతుంది. క్రీమ్ రాసుకోండి, స్ప్రే వద్దు.

ఎందుకంటే టెన్షన్ పడాల్సింది పీల్చే పొడి గురించి. ఏళ్ల తరబడి పీల్పించిన ఎలుకల్లో ఊపిరితిత్తుల గడ్డలు వచ్చాయి. మామూలు పొడికి ఘనమీటరుకు 250 మిల్లీగ్రాములు పట్టింది, నానో పొడికి 10 సరిపోయింది. చిట్టెలుకల్లో రాలేదు కాబట్టి మనిషికి నేరుగా అన్వయించలేం. అయినా అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధించే సంస్థ నియోష్ 2011లో పనిచోట ఘనమీటరు గాలికి మామూలు పొడి 2.4, నానో పొడి 0.3 మిల్లీగ్రాములు దాటొద్దని సూచించింది, తేడా ఎనిమిది రెట్లు. హైదరాబాద్ చుట్టుపక్కల మాత్రలకు పూత వేసే యూనిట్లలోనో, పెయింట్ ఫ్యాక్టరీలోనో ఈ పొడి బస్తాలు విప్పేది మీరైతే మూతికి కట్టిన కర్చీఫ్ చాలదు, దుమ్ము లాగే ఎగ్జాస్ట్, సరిగ్గా బిగిసే ఎన్95 మాస్క్ అడిగి తీసుకోండి.