48 గంటల్లో హత్య కేసు గేమ్: అపోహలు - వాస్తవాలు

తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. కర్నూలులో కూర్చుని గేమ్ జామ్‌కి (గడువులోపు గేమ్ తయారుచేసే పోటీ, ఇక్కడ 48 గంటలు) డిటెక్టివ్ గేమ్ చేసేవాళ్లకు ఇంతకంటే మంచి రంగస్థలం దొరకదు. కింది ఉదాహరణలన్నీ ఒకే కల్పిత కేసువి. పత్తికొండలో ఒక లాడ్జి, 6వ నెంబరు గదిలో వజ్రాల దళారి శవం. అనుమానితులు నలుగురు: లాడ్జి మేనేజరు, రాయి దొరికిన కూలీ, దళారి పొత్తుదారు, రూమ్ బాయ్.

అపోహ: ముందు కథంతా రాసుకోవాలి

ముందు చేయాల్సింది ఆఖరి తెర. ఆడేవాడు "హంతకుడు ఫలానా" అని తేల్చి చెప్పే చోటు. అక్కడ నాలుగు మొహాలు పెట్టి ఒకదాన్ని నొక్కమంటే, ఒక్క క్లూ చూడనివాడు కూడా నాలుగో నొక్కుకి కేసు గెలిచేస్తాడు. ఎవరు, దేనితో, ఎందుకు అని మూడు గళ్లు పెట్టి, ఒక్కో గడికి నాలుగు జవాబులిస్తే 64 కలయికలవుతాయి. అయితే తప్పినప్పుడు ఏ గడి తప్పిందో చూపించారా, ఆ 64 కాస్తా మళ్లీ నాలుగు ప్రయత్నాలకు దిగిపోతుంది. "ఆధారాలు సరిపోలేదు" అని మాత్రం చెప్పి ఊరుకోవాలి. 2018లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' గేమ్‌లో 60 మందికి ఏమైందో తేల్చాలి. ముగ్గురి జవాబులు ఒకేసారి సరిగ్గా కుదిరితేనే ఆట అవునంటుంది. గుడ్డిగా నొక్కేవాళ్లకు అది గట్టి అడ్డుకట్ట.

ఈ తెర తేలాక వెనక్కి నడవండి. ఈ మూడు జవాబులూ రావాలంటే ఏం తెలియాలి, అది ఏ గదిలో, ఎవరి నోట దొరుకుతుంది? మొదటి నాలుగు గంటలు కాగితం, పెన్ను చాలు.

అపోహ: గట్టి క్లూ ఒక్కటుంటే చాలు

రాసినవాడికి గట్టిగా కనిపించిన క్లూని ఆడేవాళ్లు గోడమీది క్యాలెండర్ చూసినట్టు చూసి వెళ్లిపోతారు. కేసు మలుపు తిరిగే ప్రతి విషయానికీ మూడు దారులుండాలి.

మన కేసులో మేనేజరు మాట ఇది: "రాత్రి పదికే గడియ పెట్టుకున్యాడు సార్, మళ్లా ఆయప్ప మొకం నేను చూడల్యా." గదిలో ప్లగ్గుకి దోమల లిక్విడ్ మెషిన్ ఉంది, స్విచ్ వేసే ఉంది. అయినా మంచం కింద సగం కాలిన దోమల కాయిల్. మెషిన్ ఉండగా కాయిల్ ఎందుకు? కరెంటు పోయింది కాబట్టి. కాయిళ్లు ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని జంటగా వస్తాయి కదా. ఆ రెండోది మేనేజరు కౌంటర్ సొరుగులో ఒంటరిగా పడి ఉంది. అంటే కరెంటు పోయాక దళారి బయటికొచ్చి కౌంటర్‌లో కాయిల్ అడిగి తీసుకున్నాడు. మేనేజరు మాట అబద్ధం.

ఇదంతా నిలబడాలంటే కరెంటు పోయింది పదికి ముందు కాదని తెలియాలి. 10.40 అన్న సంగతి మూడు చోట్ల దొరకాలి: టీ అంగడాయన మాటల్లో, సబ్‌స్టేషన్ పుస్తకంలో, 10.41కి రూమ్ బాయ్ పంపిన "కరెంటు పాయె" మెసేజ్‌లో. గోడ గడియారం 10.40 దగ్గర ఆగిపోయిందని మాత్రం పెట్టొద్దు. అది బ్యాటరీతో నడుస్తుంది, కరెంటు పోతే ఆగదు. ఆడేవాళ్లలో ఒక్కరైనా పట్టేస్తారు, ఆ తర్వాత మీ మిగతా క్లూలను కూడా నమ్మరు.

అపోహ: గదులు, మనుషులు ఎంత ఎక్కువైతే గేమ్ అంత చిక్కన

లెక్క చూడండి. ఐదుగురు మనుషులు, 12 వస్తువులు. ఏ వస్తువునైనా ఎవరికైనా చూపించవచ్చంటే 60 జవాబులు రాయాలి. నిజం తెలియకముందు ఒకలా, తెలిశాక ఒకలా మాట్లాడాలంటే 120. 48 గంటల్లో అవి రాయగలరేమో గానీ, పరీక్షించలేరు. నాలుగు గదులు, నలుగురు మనుషులు, 8 నుంచి 10 వస్తువులు చాలు. నిజంగా కథ నడిపే జవాబులు 15 రాసి, మిగతా వాటికి మనిషికి మూడు చొప్పున కొట్టిపారేసే మాటలు పెట్టండి. కూలీ అయితే "నాకేం తెల్సు సార్, రాయి దొరికె, అమ్మితి". ఇవి ఒక్కో మనిషికి ఒక్కో తీరులో ఉంటే పాత్రలు వాటంతటవే నిలబడతాయి.

అపోహ: సీమలో హత్యంటే ఫ్యాక్షనే

సుమోలు, బాంబులు వస్తే ఇక విప్పడానికి ముడి ఏముంటుంది? డబ్బు, పొత్తు, పరువు చాలు.

అపోహ: చివర్లో హంతకుడు ఒప్పుకుంటే కేసు ముగిసినట్టే

పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద రుజువుగా చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో అది 23వ సెక్షన్, పాత చట్టంలో 25. అదే రోజు నుంచి జరిగిన హత్యలకు ఐపీసీ 302 వర్తించదు, భారతీయ న్యాయ సంహిత 103 పడుతుంది. మీ ఎస్సై నోట ఏ నెంబరు రావాలో కథ జరిగిన తేదీని బట్టి చూసుకోండి.

అపోహ: తెలుగు ఫాంట్ వేస్తే తెలుగు వచ్చేస్తుంది

గోడో, యూనిటీ గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్లు. గోడో 3లో, యూనిటీలో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్ ప్రోలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. గోడో 4లో అక్షరాలను కలిపే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి అక్షరాలు సరిగ్గానే కలుస్తాయి. చిక్కు టైప్‌రైటర్ ఎఫెక్ట్‌తో. మాటలు ఒక్కో అక్షరంగా పడేటప్పుడు "లక్ష్మి" ముందు "లక", ఆపైన "లక్", ఆపైన "లక్ష" అవుతూ ఎగిరెగిరి పడుతుంది. గోడోలో మాటలు చూపే లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ని 'క్యారెక్టర్స్ ఆఫ్టర్ షేపింగ్'కి మార్చండి. ఫాంట్ ఫైలు ప్రాజెక్టులోనే ఉండాలి. మీ కంప్యూటర్లో ఉన్న ఫాంట్ బ్రౌజర్‌కి అందదు, అక్కడ ఉత్త డబ్బాలు కనిపిస్తాయి. వరుసల మధ్య ఖాళీ పెంచకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

అపోహ: వస్తువు కంటికి ఆనకపోతేనే ఆట కష్టంగా, బాగా ఉంటుంది

వెతుకులాట కష్టమైతే విసుగే మిగులుతుంది, కష్టం ఆలోచనలో ఉండాలి. 1280×720 తెరపై నొక్కే చోటు 40×40 పిక్సెళ్లకు తగ్గించొద్దు. మౌస్ పెట్టగానే పేరు కనిపించాలి. ఫోన్‌లో ఆ సౌకర్యం ఉండదు కాబట్టి నొక్కదగ్గవన్నీ ఒక్కసారిగా మెరిసే బటన్ ఒకటివ్వండి.

నిన్నటిదాకా పనిచేసిన క్లిక్కులు, దొరికినవి చూపే నోట్‌బుక్ తెర చేర్చగానే చచ్చిపోయాయంటే, గోడోలో కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. తెరంతా పరుచుకున్న కంట్రోల్ నోడ్ (బటన్లు, పలకల్లాంటి తెర భాగం) క్లిక్కులను తానే మింగేస్తోంది. దాని మౌస్ ఫిల్టర్‌ని 'స్టాప్' నుంచి 'ఇగ్నోర్'కి మార్చితే సరి.

అపోహ: ఒకసారి మొదటినుంచి చివరిదాకా ఆడి చూస్తే పరీక్ష అయినట్టే

మీరు ఆడే వరుస మీకు తెలుసు. మేనేజరుతో మాట్లాడకముందే కాయిల్ దొరికితే? సొరుగు తెరవకముందే నింద మోపితే? ప్రతి క్లూకి ఒక 'తెలిసింది / తెలియదు' గుర్తు పెట్టి, అన్నిటినీ ఒకేచోట ఉంచండి. డైలాగులు ఆ గుర్తులనే చూడాలి, ఆడేవాడు ఏ గది నుంచి వచ్చాడన్నది కాదు. దొరికిన వస్తువు ఎవరికిచ్చినా నోట్‌బుక్‌లోంచి పోకూడదు. పోతే ఆట మధ్యలో ఇరుక్కుని, ముందుకూ వెనక్కూ దారి ఉండదు.

అపోహ: అప్‌లోడ్‌ది ఏముంది, ఆఖరి గంటలో చూసుకోవచ్చు

12వ గంటకే, బొమ్మల స్థానంలో బూడిదరంగు డబ్బాలతోనైనా, మొదటి బిల్డ్ (ఆడగలిగే కాపీ) ఎక్కించండి. గేమ్‌లు పెట్టే సైటు ఇచ్.ఐఓలో బ్రౌజర్ గేమ్ జిప్‌లో index.html కాకుండా వేరే పేరుంటే గేమ్ తెరుచుకోదు. 'ఇండెక్స్' అన్న ఆ పేరు చిన్నబడి అక్షరాల్లోనే ఉండాలి. గోడో 4.0 నుంచి 4.2 దాకా వెర్షన్లలో వెబ్ బిల్డ్‌కి షేర్డ్ అర్రే బఫర్ (ఒకేసారి నడిచే పనులు, అంటే థ్రెడ్లు, మెమరీ పంచుకునే ఏర్పాటు) కావాలి, ఆ టిక్ పేజీ సెట్టింగుల్లో మీరే పెట్టాలి. 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా ఎగుమతి చేయవచ్చు. ఆడేవాళ్లు ఒకసారి నొక్కేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు, అందుకే 'మొదలుపెట్టు' బటన్ తప్పనిసరి. చివరి ఎనిమిది గంటల్లో కొత్త బొమ్మ, కొత్త క్లూ వద్దు. గేమ్ ఎప్పుడూ చూడని మనిషిని కూర్చోబెట్టి, నోరు మెదపకుండా వాళ్ల మౌస్ ఎక్కడ తచ్చాడుతోందో రాసుకోండి.