కప్పు ఊరిది, టీమ్ ఎవరిది?

పోర్చుగల్ టాప్ ఫుట్‌బాల్ లీగ్ పట్టికలో 'ఏవీఎస్' అనే పేరు కింది వరుసల్లోకి జారినప్పుడల్లా ఒక పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. 2018లో లిస్బన్ క్లబ్ స్పోర్టింగ్‌ని ఓడించి పోర్చుగల్ కప్ ఎగరేసుకుపోయిన టీమ్ ఇదేనా, కాదా? ఊరు అదే, స్టేడియం అదే, ఎరుపు తెలుపు రంగులూ అవే. టీవీలో చూసేవాళ్లలో చాలామంది అదే టీమ్ అనుకుంటారు. కాగితాల మీద మాత్రం ఏవీఎస్ 2023లో పుట్టింది. కప్పు గెలిచిన క్లబ్ ఆవెష్ పుట్టింది 1930లో. ఈ రెంటి మధ్య జీతాలందని ఆటగాళ్లున్నారు, లీగ్ నుంచి వెలి ఉంది, సుమారు 300 కిలోమీటర్ల దూరం నుంచి తరలివచ్చిన ఒక లీగ్ స్థానం ఉంది.

విలా దాస్ ఆవెష్ పోర్తో నగరానికి ఈశాన్యంగా, సాంతో తీర్సో మునిసిపాలిటీలో ఉన్న చిన్న ఊరు. జనాభా పది వేలు దాటదు. ఆవె, విజెలా నదుల ఒడ్డున బట్టల మిల్లుల చుట్టూ పెరిగిన ప్రాంతం. క్లబ్ ఎలా పుట్టింది, 1981లో స్టేడియం ఎలా వచ్చింది అన్న కథ ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి దాన్ని వదిలేస్తాను. ఇవాళ్టి గొడవకి పనికొచ్చే సంగతి ఒకటుంది. 2017కి ముందు ఆవెష్ మూడుసార్లు టాప్ డివిజన్‌కి ఎక్కింది: 1985లో, 2000లో, 2006లో. మూడుసార్లూ ఒక్క సీజన్‌కే దిగిపోయింది. అంటే ఎక్కడాలూ దిగడాలూ ఆ ఊరికి కొత్త కాదు. కింది డివిజన్‌కి పడిపోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టారు, టీమ్ ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

ఆ ప్రశ్న రావడానికి దారి వేసింది 2013 నాటి చట్టం. ప్రొఫెషనల్ లీగుల్లో ఆడాలంటే క్లబ్బులు తమ ఫుట్‌బాల్ విభాగాన్ని ఒక కంపెనీగా మార్చి తీరాలని అది చెప్పింది. క్లబ్ మొత్తం వాటాలూ తన దగ్గరే పెట్టుకునే రకం ఒకటి, బయటి పెట్టుబడిదారులకి అమ్ముకోగలిగే రకం ఇంకొకటి. రెండోదాన్ని అక్కడ 'సాద్' అంటారు. సభ్యత్వ రుసుం కట్టే ఊరివాళ్ల సంఘంగా క్లబ్ అలాగే ఉంటుంది. పేరు, బ్యాడ్జి, చాలాచోట్ల స్టేడియం దానివే. లీగ్‌లో స్థానం, ఆటగాళ్ల కాంట్రాక్టులు, టీవీ డబ్బులు కంపెనీవి. ఉద్దేశం మంచిదే. క్లబ్బుల లెక్కలు కంపెనీ చట్టం కిందికి వస్తే అప్పులు అదుపులో ఉంటాయని అనుకున్నారు. అయితే చిన్న ఊరి క్లబ్బుకి సొంత డబ్బు ఎక్కడిది? ఆవెష్‌లో కంపెనీ పగ్గాలు చైనా పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. 2017లో టీమ్ నాలుగోసారి టాప్ డివిజన్‌కి చేరింది, ఈసారి మొదటిసారిగా నిలబడింది కూడా. అప్పటికి ఎవరికీ ఫిర్యాదు లేదు.

2020లో టీమ్ కుప్పకూలిన రోజునే మలుపుగా చెప్పడం అలవాటు. నా లెక్కలో అసలు మలుపు అంతకు రెండేళ్ల ముందే, అందరూ సంబరాల్లో ఉన్న నెలలోనే వచ్చింది.

2018 మే 20. లిస్బన్ శివార్లలోని జమోర్‌లో కప్ ఫైనల్. అవతల స్పోర్టింగ్. దానికి ఐదు రోజుల ముందే స్పోర్టింగ్ శిక్షణ కేంద్రంలోకి ముసుగులు వేసుకున్న దుండగులు చొరబడి ఆటగాళ్లని, కోచ్‌ని కొట్టారు. తలకి గాయమైన స్పోర్టింగ్ ఆటగాడు బాస్ దోస్త్ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అందుకే ఆ ఫైనల్ గురించి ఎవరు రాసినా స్పోర్టింగ్ విషాదం గురించే రాశారు, ఇప్పటికీ అలాగే రాస్తున్నారు. గెలిచినవాళ్లు ఆ వార్తలో పక్కపాత్రలైపోయారు. ఇది ఆవెష్‌కి జరిగిన అన్యాయమే. జోసె మోతా కోచ్‌గా ఉన్న టీమ్ ఆ రోజు బెదరకుండా ఆడింది. 16వ నిమిషంలో ఒకటి, 72వ నిమిషంలో ఇంకొకటి, రెండు గోల్సూ అలెషాంద్రె గెదెష్‌వే. అతను స్పోర్టింగ్ అకాడమీలో పెరిగిన కుర్రాడే. 85వ నిమిషంలో మొంతేరో ఒకటి తిరిగి కొట్టినా 2-1తో ఆవెష్ గెలిచింది. 88వ ఏట ఉన్న క్లబ్బుకి అది తొలి పెద్ద ట్రోఫీ.

కప్పు గెలిచిన టీమ్‌కి యూరోపా లీగ్ గ్రూప్ దశలో నేరుగా చోటు దక్కాలి. ఆవెష్‌కి దక్కలేదు. యూరప్ పోటీల్లో ఆడాలంటే యూరప్ ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ లైసెన్స్ కావాలి. దానికి కాగితాలు ఫైనల్‌కి చాలా ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ సీజన్‌కి ఆవెష్ దగ్గర లైసెన్స్ లేదు. దాంతో ఫైనల్లో ఓడిన స్పోర్టింగ్ గ్రూప్ దశలోకి వెళ్లింది. లీగ్‌లో ఐదో స్థానంలో నిలిచిన రియో ఆవెకి క్వాలిఫయింగ్ రౌండ్ టికెట్ దొరికింది. గెలిచిన ఊరు ఇంట్లో కూర్చుని చూసింది. ఆగస్టులో అవైరోలో పోర్తోతో సూపర్ కప్ ఆడి 3-1తో ఓడిపోవడంతో ఆ కప్పు తెచ్చిన ప్రయాణం ముగిసింది.

దీన్ని ఆఫీసు పనిలో జరిగిన చిన్న పొరపాటుగా కొట్టిపారేసేవాళ్లున్నారు. చిన్న టీమ్ కప్పు గెలుస్తుందని ఎవరనుకుంటారు, దాని కోసం ముందే ఖర్చుపెట్టి కాగితాలు ఎవరు తయారు చేస్తారు అన్నది వాళ్ల మాట. అందులో నిజం లేకపోలేదు. కానీ సెమీఫైనల్లో వాళ్లకి ఎదురుపడింది మూడో స్థాయి టీమ్ కల్దాస్. అక్కడి నుంచి చూస్తే ఫైనల్ ఆకాశంలో చుక్కేమీ కాదు. ఆ సమయంలో కూడా లైసెన్స్ గురించి అడిగే అధికారం సభ్యులకి లేదు. అది కంపెనీ వ్యవహారం. గ్రూప్ దశ అంటే ఆ ఊరి బడ్జెట్‌ని మార్చేసేంత డబ్బు. ఆ డబ్బు వచ్చే దారి మూసుకుపోయిందని సభ్యులు ముందుగా తెలుసుకోగలిగే వీలే లేకపోయింది. తమ టీమ్ గెలిచిన రోజున, ఆ గెలుపుని వాడుకునే హక్కు తమ చేతిలో లేదని ఊరికి తెలిసొచ్చింది. తర్వాత జరిగినవన్నీ నాకు అక్కడి నుంచే పుట్టినట్టు కనిపిస్తాయి.

2019-20 సీజన్‌లో జీతాలు ఆగాయి. కొందరు ఆటగాళ్లు కాంట్రాక్టులు రద్దు చేసుకుని వెళ్లిపోయారు. టీమ్ పట్టికలో అట్టడుగున, 18వ స్థానంలో నిలిచింది. కరోనా వల్ల డబ్బు రావడం ఆగిపోయిందని కంపెనీ చెప్పుకుంది. జూలై వచ్చేసరికి మిగిలిన మ్యాచ్‌లు ఆడతారా లేదా అన్నదే టెన్షన్. అంతకంటే ఘోరం, ఆటగాళ్ల ప్రమాద బీమా మీద కూడా సందేహాలొచ్చాయి. ఆ నెలలో ఒక మ్యాచ్‌కి రెఫరీ విజిల్ ఊదాడు, ఆవెష్ ఆటగాళ్లు కదల్లేదు. మొదటి నిమిషమంతా ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోయారు. నెలల తరబడి జీతం లేకుండా ఆడుతున్నవాళ్ల నిరసన అది. నిమిషం అయ్యాక మళ్లీ మామూలుగా ఆడారు. మ్యాచ్‌కి రాకుండా ఉండిపోవచ్చు, కానీ రాలేదు అనిపించుకోలేదు. ఆ కుర్రాళ్ల గురించి ఎక్కడా తగినంత రాయలేదని నా అభిప్రాయం.

జూలై 29న లీగ్ రెండు క్లబ్బుల్ని ప్రొఫెషనల్ పోటీల నుంచి తప్పించింది. ఒకటి ఆవెష్, రెండోది శతాబ్దం పైబడిన విటోరియా సెతూబల్. లైసెన్స్ నిబంధనలు పాటించలేదన్నది కారణం. సెతూబల్ పోవడంతో ఆటలో ఓడి కింది డివిజన్‌కి పడిపోవాల్సిన పొర్తిమొనెన్స్ టాప్ లీగ్‌లోనే మిగిలింది. ఆవెష్ కంపెనీ మూడో స్థాయిలోనూ టీమ్‌ని నిలబెట్టలేకపోయింది. అప్పుడు ఊరివాళ్ల క్లబ్ పేరు చివర '1930' చేర్చుకుని పోర్తో జిల్లా లీగ్‌లో అట్టడుగు నుంచి మళ్లీ మొదలైంది. కప్పు గెలిచి రెండేళ్లు.

తెలుగు పాఠకులకి ఇది అర్థం కాని సంగతేమీ కాదు. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి తర్వాతి ఏళ్లలో జీతాల బకాయిలు, బదిలీల మీద నిషేధం ఎదురయ్యాయి. 2025లో ఆ లీగ్ స్థానం పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. మన దగ్గర సభ్యుల సంఘం లేదు కాబట్టి అడిగేవాళ్లూ లేకపోయారు.

విలా దాస్ ఆవెష్‌లో అడిగేవాళ్లున్నారు. అందుకే గొడవ ఇంకా చల్లారలేదు. 2023లో జరిగింది హైదరాబాద్ కథకి అద్దంలో కనిపించే రూపం: ఇక్కడ ఊరికి లీగ్ స్థానం వచ్చింది, పోగొట్టుకున్నది ఇంకో ఊరు. లిస్బన్‌కి కాస్త పైన, తేజో నది ఒడ్డున విలా ఫ్రాంకా దె షీరా అనే పట్టణం ఉంది. దాని క్లబ్ విలాఫ్రాంకెన్స్ 1957లో ఏర్పడింది, 2019లో రెండో డివిజన్‌కి చేరింది. సొంత మైదానం ప్రొఫెషనల్ లీగ్ కొలతలకి సరిపోక ఇంటి మ్యాచ్‌లు కూడా రియో మయోర్ వెళ్లి ఆడుకుంది. నాలుగు సీజన్ల తర్వాత ఆ క్లబ్ కంపెనీ తన లీగ్ స్థానంతో సహా ఉత్తరానికి కదిలి, ఖాళీగా ఉన్న ఆవెష్ స్టేడియానికి చేరుకుని, ఏవీఎస్ అని పేరు పెట్టుకుంది. తేజో ఒడ్డున మిగిలిన క్లబ్ కింది స్థాయికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల గోడు వినేవాళ్లు ఇవాళ్టి చర్చలో కూడా పెద్దగా లేరు.

ఏవీఎస్ వైపు వాదన కూడా చెప్పాలి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లేకపోతే ఆ స్టేడియం పాడుబడేది. వాళ్లొచ్చిన తొలి సీజన్‌లోనే, జోర్జె కోస్తా కోచ్‌గా, రెండో డివిజన్‌లో మూడో స్థానం సాధించి, ప్లేఆఫ్‌లో పొర్తిమొనెన్స్‌ని ఓడించి టాప్ లీగ్‌కి ఎక్కారు. 2020లో సెతూబల్ వెలి వల్ల బతికిపోయిన టీమ్ పొర్తిమొనెన్సే. బెన్ఫికా, పోర్తో, స్పోర్టింగ్ మళ్లీ ఆ ఊరికి రావడం మొదలైంది. ఇది చిన్న విషయం కాదు, ఆదివారం మ్యాచ్ చూడ్డానికి వెళ్లే అభిమానిని తప్పుపట్టే హక్కూ ఎవరికీ లేదు.

కానీ ఆవెష్ కప్పు గెలిచిన ఏడాది, 2018లోనే, ఇంకో దారి ఉందని లిస్బన్‌లో బెలెనెన్సెస్ సభ్యులు చూపించారు. కంపెనీతో తెగతెంపులైనప్పుడు టాప్ లీగ్ స్థానాన్ని కంపెనీకే వదిలేసి, పేరు, బ్యాడ్జి, రెస్తెలో మైదానం తమ దగ్గరే ఉంచుకుని జిల్లా లీగ్ అట్టడుగు నుంచి ఆడారు. కోర్టు కూడా ఆ కంపెనీ టీమ్ బెలెనెన్సెస్ పేరు, చిహ్నం వాడకూడదని తేల్చింది. అక్కడ ఎవరిది ఏదో గీత స్పష్టంగా పడింది. ఆవెష్‌లో మూడక్షరాల కొత్త పేరు పాత పేరుకి అంత దగ్గరగా ఉండటంతో ఆ గీత చెరిగిపోయింది. గందరగోళం వల్ల లాభం ఏవీఎస్‌కే తప్ప 1930 నాటి క్లబ్బుకి కాదు.

2025 వసంతంలో ఏవీఎస్ 16వ స్థానంలో పడి, టాప్ లీగ్‌లో ఉండటానికి విజెలాతో ప్లేఆఫ్ ఆడాల్సి వచ్చింది. విజెలా అంటే పక్క ఊరే. ఆ పోరులో టీమ్‌ని గట్టెక్కించిన కోచ్ జోసె మోతా, అదే 2018 కప్ కోచ్. అతను రావడంతో పాత టీమ్, కొత్త టీమ్ ఒకటే అన్న భ్రమ ఇంకా బలపడింది. మోతాని గౌరవించడానికి ఆ భ్రమ అవసరం లేదు. అతని 2018 విజయం 1930లో పుట్టిన క్లబ్ రికార్డులో ఉంది, 2025 నాటిది 2023లో వచ్చిన కంపెనీ రికార్డులో ఉంది.

2023 ఆగస్టులో పోర్చుగల్ క్రీడా కంపెనీల చట్టాన్ని మార్చి కొత్తది తెచ్చింది. అప్పటికి విలాఫ్రాంకెన్స్ కంపెనీ సామాన్లు సర్దుకుని ఉత్తరానికి చేరిపోయింది. ఏవీఎస్ ఏ డివిజన్‌లో ఆడుతుందన్నదాని కంటే ముందు విలా దాస్ ఆవెష్ సభ్యులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒకసారి 300 కిలోమీటర్లు కదిలిన లీగ్ స్థానం మళ్లీ కదలాలనుకుంటే, ఆ సంగతి ఊరికి ఎప్పుడు చెబుతారు?