పేరు ఒకటే, తీగ వేరు

షేక్‌హ్యాండ్ ఇవ్వగానే ఏంటండీ ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది చెయ్యి అనిపించుకునే బాపతు నేను, అందుకే పాత చైనా కషాయం ఒకటి కనిపిస్తే దాని వెనకాల పడ్డా. పేరు డాంగ్ గుయ్ సి ని టాంగ్. సుమారు 1800 ఏళ్ళ కింద, హాన్ రాజ్యం చివరి రోజుల్లో, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు షాంగ్ హాన్ లున్ అనే తన వైద్య గ్రంథంలో రాశాడు. చేతులు కాళ్ళు చల్లబడి, నాడి దారంలా సన్నగా, ఇప్పుడో ఇంకాసేపట్లోనో తెగిపోయేట్టు కొడుతుంటే ఇది ఇవ్వండి అన్నాడు, అంతే.

సి ని టాంగ్ అని దాదాపు ఇదే పేరుతో ఇంకోటుంది, అందులో మన వత్సనాభి జాతి దుంప పడుతుంది, ఒళ్ళంతా చల్లబడి ప్రాణం మీదకొచ్చినప్పటి మందు అది. మనం చెప్పుకుంటున్న డాంగ్ గుయ్ రకంలో ఆ దుంప లేదు, రక్తం తక్కువై చలి నాళాల్లో చేరిందని వాళ్ళ లెక్క. ఇందులో పడేవి డాంగ్ గుయ్ అనే మొక్క వేరు, దాల్చినచెక్క చెట్టు లేత కొమ్మలు (చెక్క కాదు), పియొనీ అనే పూలమొక్క వేరు, షి షిన్ అనే మూలిక, అతిమధురం, ము టాంగ్ తీగ, ఇంకా మన రేగుకి దగ్గరి చుట్టమైన ఎండు జుజుబి పళ్ళు లెక్కపెట్టి 25. ఎనిమిది కొలతల నీళ్ళు మూడయ్యేదాకా మరిగించి, వడగట్టి, మూడు సార్లుగా వెచ్చగా తాగాలి.

ఇప్పటి సైన్స్ ప్రకారం చలి తగలగానే లోపలి 37 డిగ్రీల వేడిని కాపాడుకోడానికి వేళ్ళలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొందరికి మరీ గట్టిగా ముడుచుకుని వేళ్ళు తెల్లగా, తర్వాత నీలంగా, చివరికి ఎర్రగా మారతాయి, 1862లో దీన్ని వర్ణించిన ఫ్రెంచ్ డాక్టర్ మారిస్ రేనో పేరే దానికి పెట్టారు. కషాయం దీనికి నిజంగా పనిచేస్తుందని గట్టిగా చెప్పేంత సాక్ష్యం అయితే లేదు.

నన్ను భయపెట్టింది ము టాంగ్. అసలైంది అకేబియా తీగ. కానీ చైనాలో గువాన్ ము టాంగ్ అని ఇంకో తీగ కూడా అదే పేరు మీద అమ్ముడుపోయింది, అది మన ఈశ్వరి, గాడిదగడప ఉన్న అరిస్టొలోకియా జాతి, అందులో ఉండే అరిస్టొలోకిక్ ఆసిడ్ కిడ్నీల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెప్పిస్తుంది. 1990లలో జపాన్‌లో చేతుల చల్లదనానికని ఇదే కషాయంలో అల్లం, ఇంకో కాయ కలిపిన రకం వాడినవాళ్ళలో కొందరికి కిడ్నీలు పోయాయి, తీరా చూస్తే అందులో పడింది ఈ తీగే. చైనా 2003లో దాన్ని నిషేధించింది. షి షిన్‌ది కూడా ఆ కుటుంబమే, ఆకుల్లో ఆ ఆసిడ్ ఎక్కువని ఇప్పుడు వేరు మాత్రమే వాడమంటున్నారు.

ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ దొరికింది, వెనక ము టాంగ్ అని మాత్రమే ఉంది, మొక్క శాస్త్రీయ నామం ఎక్కడా లేదు. కార్ట్‌లోంచి తీసేసి ఉన్ని సాక్సులు ఆర్డర్ పెట్టా.