బ్రిక్స్‌తో గోపురం కట్టొచ్చా? మోడల్ బిల్డింగ్ మీద అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో బ్రిక్స్‌తో, అంటే లెగో మాదిరి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే ప్లాస్టిక్ ముక్కలతో, మోడల్స్ కట్టడం, నేర్పించడం నా పని. దసరా దగ్గర పడిందంటే చాలు, బొమ్మల కొలువు పక్కన పెట్టుకునేదానికి కోనేరో గోపురమో ఘాట్ రోడ్డో కట్టాలని అడిగేవాళ్ళు వస్తా ఉంటారు, వాళ్ళతో పాటే ఈ మాటలు కూడా వస్తాయి: ఇది పిల్లోళ్ళ ఆట కదా సార్, చానా ఖర్చంట కదా, గమ్ పెట్టకుంటే నిలబడదు కదా, మన గుళ్ళు వీటితో యాడ వస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నా. నా నమ్మకం ఏందంటే, కట్టాలనుకున్న బిల్డింగ్‌ని శ్రద్ధగా చూసి, కొలత సరిగ్గా పెట్టుకున్నోళ్ళు ఇంట్లో ఉన్న ముక్కలతోనే సగం పని చేసేస్తారు.

అపోహ: ఇది చిన్న పిల్లల ఆటే

మొదలైంది పిల్లల కోసమే, దాంట్లో అనుమానం లేదు. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊర్లో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలతో పెట్టిన కంపెనీనే లెగో. కానీ ఇప్పుడు డబ్బా మీద 18+ అని రాసి పెద్దోళ్ళ కోసమే వచ్చే సెట్లు బోలెడు ఉన్నాయి. 2008లో వచ్చిన తాజ్‌మహల్ సెట్‌లో 5,900కి పైగా ముక్కలు. నేథన్ సవాయా అని న్యూయార్క్‌లో లాయరు, ఆ ఉద్యోగం మానేసి బ్రిక్స్‌తో శిల్పాలు చేసేదాన్నే వృత్తిగా పెట్టుకుని దేశదేశాల్లో ప్రదర్శనలు పెట్టినాడు.

ఇంకోవైపు, మూడేళ్ళ లోపు పిల్లలకి ఈ చిన్న ముక్కలు అసలు ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్ళకి లెగో వాళ్ళదే డ్యూప్లో అని పెద్ద బ్రిక్ ఉంది, పొడవు వెడల్పు ఎత్తు మూడూ రెండింతలు. అది మామూలు బ్రిక్స్‌తో కూడా కలుస్తుంది, కాబట్టి పిల్లోడు పెద్దయినాక పారేయాల్సిన పని లేదు, పెద్ద మోడల్ లోపల పునాదికి వాడుకోవచ్చు.

అపోహ: వేల రూపాయలు పెట్టి సెట్లు కొంటేనే అవుతుంది

సెట్లు ఖరీదే. బొమ్మల మీద మన కస్టమ్స్ డ్యూటీ 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పోయింది, బయట నుంచి వచ్చే డబ్బాల రేటు అందుకే అట్ల ఉంటుంది. కానీ సొంతంగా డిజైన్ చేసి కట్టేదానికి సెట్ అవసరమని ఎవరు చెప్పినారు? నాలుగు స్టడ్ల (బ్రిక్ పైన ఉండే గుండ్రటి బొడిపెల) పొడవు, రెండు స్టడ్ల వెడల్పు ఉండే మామూలు 2×4 బ్రిక్స్, ఒకే రంగువి ఆరు తీసుకుంటే వాటిని 91,51,03,765 రకాలుగా కలపొచ్చు. కోపెన్‌హేగన్ యూనివర్సిటీ గణితం ప్రొఫెసర్ సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్క తేల్చిన సంఖ్య ఇది, ఆరు బ్రిక్స్‌కే! కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది, రెండే రంగుల్లో విడి బ్రిక్స్, ప్లేట్లు (బ్రిక్‌లో మూడో వంతు మందం ఉండే పల్చటి ముక్కలు) ఎక్కువగా తీసుకోండి, బొమ్మ మనుషులు, కార్ల చక్రాలు తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: లెగో కానిదంతా డూప్లికేటే

ఈ మాట పూర్తిగా తప్పు, దీనివల్ల చానామంది అనవసరంగా వెనక్కి పోతా ఉన్నారు. లోపల గొట్టాలు ఉండే ఇప్పటి బ్రిక్‌కి 1958 జనవరి 28న పేటెంట్‌కి అప్లై చేసినారు, ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో అయిపోయింది. ఇంకా వెనక్కి పోతే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే ప్లాస్టిక్ బ్రిక్ ఇంగ్లండ్‌లో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో ముందే చేసినాడు, లెగో వాళ్ళ తొలి బ్రిక్‌కి అదే ఆధారం. బ్రిక్ ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా ఉంచుకోవడం కుదరదని యూరప్ పెద్ద కోర్టు 2010లో తేల్చేసింది. అంటే కలిసే బ్రిక్స్ వేరే కంపెనీ చేసి సొంత పేరుతో అమ్మితే అది తప్పేం కాదు. ఇంకొకరి పేరు, డబ్బా డిజైన్ ఉన్నదున్నట్టు కాపీ కొట్టి అమ్మితే అది నకిలీ.

ఏది కొన్నా ఐఎస్ఐ మార్క్ ఉందా లేదా చూడండి, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి. ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఒకే రకం బ్రిక్స్ ఓ ఇరవై ఒకదాని మీద ఒకటి గట్టిగా నొక్కి పేర్చి టేబుల్ మీద నిలబెట్టండి, కంటి ఎత్తుకి తెచ్చి పక్కనుంచి చూడండి. నిటారుగా ఉంటే అచ్చు బాగున్నట్టు, వంగినా మధ్యలో సందు కనబడినా ఆ సరుకు పెద్ద మోడల్‌కి పనికి రాదు. నేను వేరే వేరే కంపెనీలవి లోపలి గోడలకి వాడతా, బయటికి కనబడేదంతా ఒకే కంపెనీది పెడతా, ఎందుకంటే తెలుపులోనే నాలుగు రకాల తెలుపులు వస్తాయి.

గమ్ పెట్టకుంటే పడిపోతుందా?

పడదు. ఎగ్జిబిషన్లలో జనం చేతులు పెట్టే చోట పెద్ద మోడల్స్‌కి అతికిస్తారు, అది వేరే సంగతి. ఇంట్లో గమ్ పెడితే ఆ ముక్కలు మళ్ళీ ఇంకో మోడల్‌కి రావు, అంతే. మోడల్ విడిపోతా ఉందంటే గమ్ లేక కాదు, జాయింట్ మీద జాయింట్ వచ్చింది కాబట్టి. మన మేస్త్రీ గోడ కట్టేటప్పుడు కింది వరస ఇటుకల జాయింట్ మీద పై వరస ఇటుక నడుము వచ్చేట్టు పెడతాడు చూడండి, అచ్చం అట్లే ఇక్కడ కూడా. నాలుగైదు వరసలకి ఒకసారి గోడ మొత్తాన్ని పొడవాటి ప్లేట్‌తో కట్టేయండి, మూలల్లో వరస వరసకీ దిశ మార్చండి.

కింది బ్రిక్స్ బరువుకి నలిగిపోతాయని భయపడేవాళ్ళూ ఉన్నారు. 2012లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఒక 2×2 బ్రిక్‌ని మెషీన్‌లో పెట్టి నొక్కితే సుమారు 430 కిలోల దాకా తట్టుకుంది. లెక్క ప్రకారం ఒకదాని మీద ఒకటి 3,75,000 బ్రిక్స్, మూడున్నర కిలోమీటర్ల ఎత్తు, మన తిరుమల ఎత్తుకి నాలుగింతలు! అంతకంటే చానా ముందే అది పక్కకి ఒరిగి పడిపోతుంది. కాబట్టి చూసుకోవాల్సింది నలగడం గురించి కాదు, ఒరగడం గురించి.

అపోహ: అన్నీ డబ్బాల్లాగే వస్తాయి, మన గోపురాలు రావు

ఇది వింటే మాత్రం నేను ఊరుకోలేను. రండి, గోవిందరాజస్వామి గుడి తూర్పు రాజగోపురమే తీసుకుందాం, ఏడు అంతస్తులు, సుమారు 50 మీటర్లు.

ముందు స్కేలు. లెగో బొమ్మ మనిషి సుమారు 4 సెంటీమీటర్లు, వాడికి సరిపోయేట్టు కట్టాలంటే 40కి ఒకటో వంతు, గోపురం 125 సెంటీమీటర్లు వస్తుంది. ఒక బ్రిక్ ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, అంటే 130 వరసలు. అంత ఎవరింట్లోనూ పెట్టుకోలేరు. 250కి ఒకటో వంతు పెట్టుకోండి, 20 సెంటీమీటర్లు, 21 బ్రిక్స్ ఎత్తు. కింద రాతి భాగానికి 4, పైన శిఖరానికి 3 తీసేస్తే ఏడంతస్తులకి 14 మిగుల్తాయి. ఒక బ్రిక్‌కి మూడు ప్లేట్లు కాబట్టి 42 ప్లేట్లు. అన్ని అంతస్తులకీ సమానంగా ఆరారు ఇచ్చేస్తే గోపురం అపార్ట్‌మెంట్ మాదిరి కనిపిస్తుంది, పైకి పోయేకొద్దీ అంతస్తు ఎత్తు తగ్గాల. 7, 7, 6, 6, 6, 5, 5 పెట్టండి, మొత్తం 42కి సరిపోయింది.

ఇప్పుడు వాలు. కింది అంతస్తు వెడల్పు 14 స్టడ్స్ అనుకోండి. అంతస్తుకి రెండు పక్కలా ఒక్కో స్టడ్ తగ్గిస్తా పోతే 14, 12, 10, 8, 6, 4, చివరికి 2, పైన కలశాలు పెట్టేదానికే చోటుండదు. మన గోపురం అంత వాలుగా ఉండదు కదా. పక్కకి అర స్టడ్ చొప్పున తగ్గించాల, 14, 13, 12 అట్ల వచ్చి పైన 8 మిగలాల. ఈ అర స్టడ్ కోసం జంపర్ అని ఒక ప్లేట్ ఉంటుంది, 2×2 సైజులో ఉండి సరిగ్గా నడిమధ్యన ఒకే ఒక్క స్టడ్ ఉంటుంది, దాని మీద పెట్టింది ముందుకీ పక్కకీ 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. జంపర్ మందం కూడా ఒక ప్లేటే కాబట్టి దాన్ని ఆ అంతస్తు లెక్కలోనే కలపండి. కలశాల దగ్గర కూడా ఇదే అక్కరకొస్తుంది: కలశాలు బేసి సంఖ్యలో ఉంటాయి, పైన వెడల్పు 8, సరి సంఖ్య, నడిమి కలశం రెండు స్టడ్ల మధ్యలో పడుతుంది, అక్కడ జంపర్ పెడితే అది కూర్చుంటుంది.

శిల్పాలు ఎట్ల అంటారా, ఈ స్కేలులో మనిషంత శిల్పం 7 మిల్లీమీటర్లు కూడా రాదు, ఒక 1×1 గుండ్రటి ముక్కే పెద్దది. కాబట్టి శిల్పాన్ని చేసే ప్రయత్నం వద్దు, గరుకుతనం తెప్పిస్తే చాలు, గుండ్రటి 1×1 ప్లేట్లు, గీతల టైల్స్ (పైన స్టడ్లు లేని పల్చటి ముక్కలు) కలిపి పెడితే దూరం నుంచి మన కన్నే శిల్పాలని చదువుకుంటుంది. శిఖరం గుండ్రంగా రావాలంటే వంపు ముక్కల్ని పక్కకి తిప్పి పెట్టాల. ఐదు ప్లేట్ల ఎత్తు, రెండు స్టడ్ల వెడల్పు రెండూ 16 మిల్లీమీటర్లే, అందుకే పక్కకి తిప్పినా సందు లేకుండా సరిపోతుంది. చంద్రగిరి రాజమహల్ ముఖభాగంలో ఆ ఆర్చీలు కట్టేదానికి కూడా ఇదే పద్ధతి, ఒకసారి అక్కడికి పోయి ఎదురుగా నిలబడి అంతస్తుకి ఎన్ని ఆర్చీలో లెక్కపెట్టి రాసుకుని రండి, ఫోన్‌లో ఫొటోలు ఎన్ని తీసినా ఆ లెక్కపెట్టడంతో సమానం కాదు.

అపోహ: సెట్‌తో వచ్చే పుస్తకం చూసి కట్టేవాళ్ళకి సొంతంగా రాదు

వస్తుంది. జంపర్ ఎక్కడ పెట్టినారు, పక్కకి ఎట్ల తిప్పినారు అని గమనిస్తా కడితే ఆ పుస్తకమే గురువు. డిజైన్‌కి కంప్యూటర్ ఉంటే బ్రిక్‌లింక్ (విడి ముక్కలు అమ్మే ఆన్‌లైన్ మార్కెట్) వాళ్ళ స్టూడియో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ ముక్క ఎన్ని కావాలో లిస్ట్ ఇస్తుంది, కొనకముందే ఖర్చు తెలిసిపోతుంది.

అపోహ: కడిగి ఎండలో పెడితే కొత్తవాటి మాదిరి అవుతాయి

కడగండి, ఎండలో మాత్రం పెట్టొద్దు. లెగో ఏబీఎస్ ప్లాస్టిక్, నీళ్ళు 40 డిగ్రీలు దాటకూడదని కంపెనీనే చెప్తుంది, మన తిరుపతిలో మే నెల ఎండే 40 దాటేస్తుంది. దానికి కరగవు గానీ ఎండ పడేకొద్దీ తెల్లవి, బూడిద రంగువి పసుపు తిరుగుతాయి. సబ్బు నీళ్ళలో చేత్తో కడిగి, బట్ట మీద పరిచి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. కిటికీ పక్కన మోడల్ పెట్టొద్దు.

ఆరినాక డబ్బాల్లో పెట్టేటప్పుడు అందరూ రంగుల ప్రకారం వేరు చేస్తారు, చూసేదానికి బాగుంటుంది గానీ ఎర్ర ముక్కల కుప్పలో ఒక ఎర్ర 1×1 వెతికితే తెలుస్తుంది ఆ కష్టం. ఆకారం ప్రకారం పెట్టండి, ప్లేట్లు ఒక డబ్బా, స్లోపులు (వాలుగా ఉండే ముక్కలు) ఒక డబ్బా, జంపర్లకి విడిగా ఒక చిన్న డబ్బా, రంగులు ఎన్ని కలిసినా పర్లేదు, కంటికి రంగు వెంటనే దొరుకుతుంది.