నుమాయిష్‌కి బయల్దేరే ముందు

సిద్ధూకి, మిన్నీకి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మిన్నీ ఒక మాట అంది. "అమ్మమ్మా, ఎగ్జిబిషన్‌లో అమ్మేవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా, ఆ దుమ్ములో ఎందుకు తిరగడం?" అని. అప్పుడు పొయ్యి మీద పాలున్నాయి, ఏదో అనేసి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ మాట బుర్రలోంచి పోలేదు. జనవరిలో మీరు వచ్చేలోపు జవాబు రాసి పంపుదామని కూర్చున్నాను. చేతిరాత అర్థం కాకపోతే మీ అమ్మతో చదివించుకోండి.

మనం నాంపల్లి ఎగ్జిబిషన్ అంటాం, పాతబస్తీ వాళ్లు నుమాయిష్ అంటారు. నుమాయిష్ అంటే ఉర్దూలో ప్రదర్శన. ఇది మొదలైంది నాంపల్లిలో కాదు, ఇప్పుడు అసెంబ్లీ ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో, 1938లో. నిజాం రాజు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించాడు. అందుకే చాలామంది ఇది రాజుగారి సరదా అనుకుంటారు. కాదు. ఆలోచన ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుని బయటికొచ్చిన కుర్రాళ్లది.

వాళ్లకు కావలసింది సంత కాదు, లెక్క. అప్పటి హైదరాబాద్ రాజ్యం అంటే ఇప్పటి తెలంగాణ ఒక్కటే అనుకోకండి. అటు ఔరంగాబాద్, ఇటు బీదర్, గుల్బర్గా అన్నీ అందులోవే. ఔరంగాబాద్‌లో హిమ్రూ బట్ట నేసేవాళ్లు, బీదర్‌లో నల్లటి లోహం మీద వెండి పొదిగే బిద్రీ పని, కరీంనగర్‌లో సన్నటి వెండి తీగతో చేసే ఫిలిగ్రీ, నిర్మల్‌లో కొయ్యబొమ్మలు. వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు అప్పటికి కొత్తగా పెట్టింది. ఏ ఊళ్లో ఎవరు ఏం తయారుచేస్తున్నారు, వాళ్లకు పూట గడుస్తోందా లేదా అని రాజ్యమంతా తిరిగి సర్వే చేయాలని ఆ కుర్రాళ్ల కోరిక. సర్వేకి డబ్బు కావాలి. వాళ్ల దగ్గర లేదు. ఇక్కడ తయారైన సరుకంతా ఒకచోట పెట్టి జనాన్ని రప్పిస్తే, టికెట్ల మీద, స్టాళ్ల అద్దె మీద నాలుగు డబ్బులొస్తాయి కదా అనుకున్నారు. రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలైందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటిసారి జరిగింది పది రోజులే.

దానికి వాళ్లు పెట్టిన పేరు గమనించండి: నుమాయిష్ మస్నూఆత్-ఎ-ముల్కీ. స్థానికంగా తయారైన వస్తువుల ప్రదర్శన అని అర్థం. ముల్కీ అనే మాట సిద్ధూకి తెలిసే ఉండాలి, తెలంగాణ ఉద్యమం పాఠంలో వస్తుంది. ఈ నేల మనిషి అని. ఉద్యోగాలు ముల్కీలకే ఇవ్వాలని గొడవలు జరిగిన ఊళ్లో, సరుకు కూడా ముల్కీదే కొనండి అని చెప్పడానికి పెట్టిన సంత అది.

జనం పెరిగి తోట చాలకపోయేసరికి 1946లో దాన్ని ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మార్చారు. అప్పటి దివాన్ సర్ మీర్జా ఇస్మాయిల్ హయాం. మంచి చోటు దొరికింది. ఇటు నాంపల్లి స్టేషన్, అటు మొజంజాహీ మార్కెట్, రెండూ నడిచి వెళ్లే దూరమే. కానీ కొత్త చోట కుదురుకునే లోపే దేశం రెండు ముక్కలైంది. నిజాం ఇండియాలో కలవనన్నాడు, ఊళ్లలో రజాకార్ల భయం, 1948 సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్. ఆ గొడవల్లో 1947లో, 1948లో నుమాయిష్ జరగలేదు. మళ్లీ 1949లో మొదలైనప్పుడు గవర్నర్ జనరల్ రాజాజీ వచ్చి ప్రారంభించారు. అప్పుడే పేరు మారింది. ముల్కీ పోయి ఆల్ ఇండియా ఇండస్ట్రియల్ ఎగ్జిబిషన్ అయింది. మూడేళ్లలో ఏం జరిగిందో ఆ బోర్డు చూస్తే చాలు. కాశ్మీర్ శాలువాలు, లక్నో చికన్ బట్టలు, ఖుర్జా పింగాణీ, ఇవన్నీ నాంపల్లికి రావడానికి తలుపు తెరిచింది ఆ పేరే.

నేను మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడేళ్లు. భువనగిరి నుంచి ప్యాసింజర్ బండిలో మా నాన్న, అమ్మ, నేను, మీ చిన్నతాత. మా అమ్మకు ఎగ్జిబిషన్ అంటే ఊరగాయ జాడీలు. ఎండాకాలం మామిడికాయ పెట్టాలంటే జాడీలు జనవరిలోనే కొని ఉంచుకోవాలి. నాలుగు స్టాళ్లు తిరిగి, జాడీని వేలితో కొట్టి శబ్దం విని, మూత బిగుతు చూసి, సగం ధర నుంచి బేరం మొదలుపెట్టేది. మేం జెయింట్ వీల్ వైపు చూస్తూ గుటకలు మింగేవాళ్లం. చివరికి మా నాన్న మమ్మల్ని టాయ్ ట్రైన్ ఎక్కించాడు. జాడీ ఒళ్లో పెట్టుకుని అమ్మ కూడా ఎక్కింది, కింద పెడితే ఎవరైనా తన్నేస్తారని భయం. ఆ జాడీ మా ఇంట్లో ఇంకా ఉంది, మీరు ఉప్పు తీసుకునేది అందులోంచే.

అన్నీ మంచి బేరాలే అని చెప్పను. పెళ్లయిన కొత్తలో మీ తాత ఒక స్టాల్‌లో అసలైన పష్మీనా అని శాలువా కొనిచ్చారు. మొదటి ఉతుకులోనే బకెట్ నీళ్లు ఎర్రబడ్డాయి. మర్నాడు వెళ్తే ఆ మనిషి నవ్వి, అమ్మా, ఉన్ని నీళ్లలో ముంచుతారా అన్నాడు. అదీ నిజమే మరి. ఆన్‌లైన్‌లో అయితే వెనక్కి ఇచ్చేసేవాళ్లం, ఈ ఒక్క విషయంలో మిన్నీదే గెలుపు.

ఇక డబ్బు సంగతి. ఆ కుర్రాళ్లు సర్వే కోసం మొదలుపెట్టారన్నాను కదా, ఆ అలవాటు పోలేదు. ఎగ్జిబిషన్ సొసైటీ అని ఒకటి ఏర్పడి, ప్రతి ఏడాదీ ఖర్చులు పోను మిగిలింది చదువుల మీద పెట్టింది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే ఉన్నాయి, రెండూ ఆడపిల్లలవి. బయట జిల్లాల్లోనూ ఈ సొసైటీ కాలేజీలున్నాయి. నేను చదివింది కూడా ఆ మైదానంలోని కాలేజీలోనే. డిసెంబరు వచ్చిందంటే కిటికీ బయట సుత్తి దెబ్బలు, రేకులు దించే చప్పుడు, మేడమ్ చెప్పేది సగం వినపడేది కాదు. చిరాకు పడేవాళ్లం. మా ఫీజు తక్కువగా ఉండటానికి కారణం ఆ రేకుల షెడ్లేనని అప్పుడు ఎవరికి తట్టింది? మా అమ్మ కొన్న జాడీలో నా చదువు కొంచెం ఉందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత.

ఇప్పుడు జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు జరుగుతుంది. ఇరవై ఎకరాలు దాటిన మైదానంలో వెయ్యికి పైగా స్టాళ్లు. జైళ్లశాఖ స్టాల్ తప్పకుండా చూడండి, ఖైదీలు చేసిన వస్తువులు అమ్ముతారు. మిగతా రోజుల్లో ఆ మైదానం ఖాళీగా ఉంటుందనుకోకండి. జూన్‌లో మృగశిర కార్తె నాడు చేపమందు ఇచ్చేది అక్కడే. బతికున్న కొరమీను పిల్ల నోట్లో మందు పెట్టి, దాన్ని మింగిస్తారు. ఉబ్బసం తగ్గుతుందని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. డాక్టర్లు ఒప్పుకోరు, నేనూ మీకు మింగించను, భయపడకండి.

ఒక రాత్రి మాత్రం మర్చిపోలేను. 2019 జనవరి 30. టీవీలో చూస్తుంటే ఎగ్జిబిషన్ తగలబడుతోంది. స్టాళ్లన్నీ రేకులు, కర్రలు, గుడ్డలే, పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి, ఒకటి అంటుకుంటే ఆగుతుందా? వందల స్టాళ్లు బూడిదయ్యాయి. అంత జనంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు, అదే అదృష్టం. కానీ ఏడాదికి సరిపడా సరుకు తెచ్చుకున్న వ్యాపారులు కట్టుబట్టలతో మిగిలారు. ఆ తర్వాత విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఇప్పుడు మీరు వెళ్తే దారుల వెంట నీళ్ల పైపులు, ఫైరింజన్ తిరగడానికి వదిలిన జాగా కనపడతాయి. అవి ముందే ఉండాల్సింది. ఎనభై ఏళ్లుగా ఏమీ కాలేదు కాబట్టి ఇక కాదులే అనుకున్నారు, అంతే.

కరోనా వల్ల 2021లో అసలు జరగలేదు. 2022లో జనవరి 1న తెరిచి మర్నాడే మూసేశారు, మళ్లీ ఫిబ్రవరి నెలాఖరులో తెరిచారు. కాశ్మీర్ నుంచి డ్రైఫ్రూట్స్ మూటలతో దిగిన మనిషి ఆ రెండు నెలలు ఎలా గడిపి ఉంటాడో ఆలోచించండి.

ఇక ప్రయాణం. కారు వద్దని మీ నాన్నకు చెప్పండి, పార్కింగ్ కోసం తిరిగేసరికి సగం సాయంత్రం అయిపోతుంది. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే మైదానం పక్కనే. నేను అజంతా గేటు దగ్గర నాలుగున్నరకే ఉంటాను. ముందు నా కాలేజీ చూపిస్తాను, తర్వాత టాయ్ ట్రైన్, మిర్చి బజ్జీ ఆఖరున. శనివారం, ఆదివారం వద్దు, తోసుకుంటారు. మిన్నీ పాత చెప్పులే వేసుకోవాలి, దుమ్ము గురించి తను చెప్పింది నిజమే.

మీ అమ్మకు ఇంకో మాట: జాడీ మూత పగిలింది, కొత్తది దొరుకుతుందేమో చూద్దాం, బేరం మాత్రం నేనే ఆడతాను.

మీ అమ్మమ్మ