లైబ్రరీ కంప్యూటర్‌కి ఇంగ్లీషొక్కటే వచ్చనుకుంటున్నారా?

నేను కోనసీమలో ఒక గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్లని ఆ మూల కంప్యూటర్లున్నాయి, రండి అని పిలిస్తే "ఆయ్, మాకు ఇంగ్లీషు రాదండీ" అంటారు. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నది వాళ్లే, 1960 నాటి చట్టం ప్రకారం. వాళ్ల డబ్బుతో నడిచే చోట వాళ్లే కుర్చీ లాక్కుని కూర్చోడానికి జంకుతుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: తెలుగు కొట్టాలంటే తెలుగు అక్షరాలున్న కీబోర్డు కావాలి.

అక్కర్లేదు. విండోస్‌లో ఒకసారి తెలుగు చేర్చి ఉంటే చాలు, విండోస్ బటన్ నొక్కిపట్టి స్పేస్ కొడితే భాష మారిపోతుంది. ఫొనెటిక్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో ఏ, ఎం, ఎం, ఏ అని కొడితే అమ్మ వచ్చేస్తుంది. ఇంకోటి ఇన్‌స్క్రిప్ట్, అంటే మన దేశ భాషలకని చేసిన కీబోర్డు అమరిక. అది నేర్చుకోడానికి కొన్నాళ్లు పడుతుంది కానీ దానికో గొప్ప సుగుణం ఉంది, తెలుగు క ఏ మీట మీద ఉందో ఒరియా క, బెంగాలీ క, హిందీ క కూడా అదే మీట మీద ఉంటాయి. రొయ్యల చెరువుల మీద పనికొచ్చిన ఒడిశా కుర్రాడొకడు ఇంటికి ఉత్తరం రాసుకోవాలన్నాడు. నాకు ఒరియా ఒక్క ముక్క రాదు, అయినా ఏ అక్షరం ఎక్కడుందో చూపించగలిగాను.

అపోహ: భాష మారిస్తే కంప్యూటర్ పాడైపోతుంది.

పాడవదు. మెనూలు కనిపించే భాష వేరు, మనం టైపు చేసే భాష వేరు, చదివే పేజీ భాష వేరు. ఒకటి మార్చినంత మాత్రాన మిగతా రెండూ మారవు. కానీ లేచేముందు కీబోర్డును ఇంగ్లీషుకి తిప్పేసి వెళ్లండి, దయచేసి. మొన్న ఒకావిడ ఈ-ఆధార్ ఫైలు తెరవలేక ఏడుపు ముఖం పెట్టారు. దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. ఆవిడ సరిగ్గానే కొడుతున్నారు, ముందు కూర్చున్నవాళ్లు కీబోర్డును తెలుగులో వదిలేశారు, చుక్కల వెనక ఏ అక్షరాలు పడుతున్నాయో ఎవరికి కనిపిస్తుంది?

అపోహ: పెన్‌డ్రైవ్‌లోని తెలుగు పిచ్చిపిచ్చిగా కనిపిస్తే వైరసే.

చాలాసార్లు కాదు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టిన ఫైలు ఆ ఫాంట్ లేని సిస్టంలో అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి, కాదు. కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు, లేదా షాపువాళ్లనే పీడీఎఫ్ చేసిమ్మనండి.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో, అంటే చూసిన పేజీల జాబితా దాచుకోని బ్రౌజర్ విండోలో, చూస్తే ఏమీ మిగలదు.

డౌన్‌లోడ్ చేసిన ఫైలు మిగులుతుంది! ఆధార్, పాస్‌పోర్ట్ కాపీలు డౌన్‌లోడ్స్‌లోంచి తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

అపోహ: కంప్యూటర్ తెలుగులోకి మార్చి చూపించింది కదా, సంతకం పెట్టేయొచ్చు.

ఇది మాత్రం నిదానంగా చదవండి. మా వైపు ఊళ్లనుంచి ఆడవాళ్లు ఇళ్లల్లో పనికని కువైట్, మస్కట్ వెళ్తారు, చేతిలో అరబ్బీ కాగితం ఉంటుంది. అందులోని మాటలు కుడినుంచి ఎడమకి నడుస్తాయి, అంకెలు మాత్రం మనలాగే ఎడమనుంచి కుడికి. వాళ్ల అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, వాళ్ల సున్నా ఉత్త చుక్క. నూట యాభై దినార్లని రాసి ఉంటే మన కంటికి పది, పక్కనో చుక్క. జిరాక్సు మసకగా ఉంటే ఫొటో తీసి అనువదించే యాప్ కూడా ఆ చుక్కని వదిలేయొచ్చు, అప్పుడు జీతమే మారిపోతుంది. అందుకని జీతం, గడువు, సెలవులు ఉన్న చోట్ల అనువాదాన్ని పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూసుకోండి, అరబ్బీ చదవగలిగినవాళ్లు దగ్గర్లో ఉంటే వాళ్లకీ చూపించండి. ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే, విదేశీ పనులకు వెళ్లేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే పోర్టల్లో అదే కంప్యూటర్ మీద చూడొచ్చు. మీ ఊళ్లో ఎవరైనా ప్రయాణం పెట్టుకుని ఉంటే డబ్బు కట్టకముందే ఆ కాగితాలతో లైబ్రరీకి రమ్మనండి, కూర్చోబెట్టి చూపిస్తాం.