అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు: మన ఇళ్లలో వినే అపోహలు, వాస్తవాలు

ఇంటర్ పిల్లలకు అమెరికా డిగ్రీ దరఖాస్తుల్లో సాయం చేయడం నా పని. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటే రకరకాల సబ్జెక్టులు కలిపి చదివించే చిన్న డిగ్రీ కాలేజీలు. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, స్వార్థ్‌మోర్, పొమోనా అనే అలాంటి కాలేజీల పేర్లు చెప్పగానే తల్లిదండ్రుల ముఖాల్లో మొదట కనిపించేది అనుమానం. కొన్ని అనుమానాలు రెండు మాటల్లో తీరిపోతాయి. డబ్బుకు సంబంధించినవి అలా తీరవు. మంచి విద్యార్థులు ఎక్కువగా నష్టపోయేది అక్కడే కాబట్టి ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: లిబరల్ ఆర్ట్స్ అంటే ఆర్ట్స్ గ్రూపు. ఎంపీసీ పిల్లలకు అక్కడ పనిలేదు.

వాస్తవం: ఈ పేరుకూ మన హెచ్ఈసీ, సీఈసీలకూ సంబంధం లేదు. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్సు, జీవశాస్త్రం అన్నీ ఈ కాలేజీల్లో ఉన్నాయి. చేరిన రోజే బ్రాంచి తేల్చుకోవాల్సిన పనిలేదు, సాధారణంగా రెండో ఏడాది ముగిసేలోపు ప్రధాన సబ్జెక్టు చెబితే చాలు. స్వార్థ్‌మోర్‌లోనూ, మహిళల కాలేజీ అయిన స్మిత్‌లోనూ ఇంజినీరింగ్ డిగ్రీ కూడా ఉంది. ఇంటెల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నోయిస్ అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీలో చదివాడు. క్రిస్పర్ జన్యు సవరణ పద్ధతికి 2020లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న జెన్నిఫర్ డౌడ్నా పొమోనాలో డిగ్రీ చేసింది.

అపోహ: చిన్న కాలేజీ, పెద్దగా పేరు లేదు, సీటు తేలిగ్గానే వస్తుంది.

వాస్తవం: విలియమ్స్‌లో నాలుగేళ్ల విద్యార్థులందరినీ కలిపినా సుమారు 2,000 మందే. అంటే ఏటా తీసుకునేది దాదాపు 500 మందిని. ప్రపంచమంతా ఆ సీట్లకే పోటీ పడుతుంది. అక్కడి ట్యుటోరియల్ తరగతిలో ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు ఉంటారు. ఒక వారం ఒకరు వ్యాసం రాస్తే రెండోవారు దాన్ని విమర్శిస్తారు, మరుసటి వారం పాత్రలు మారతాయి. వెనక బెంచీలో తలదాచుకునే వీలు లేని చదువు అది. నాకు ఈ కాలేజీల మీద ఉన్న ప్రేమకు ముఖ్య కారణం కూడా అదే.

అపోహ: ఆర్థిక సాయం అడిగితే సీటు రాదు. ముందు చేరిపోయి, తర్వాత అడుగుదాం.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతారు. సీటు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు ఆమ్‌హెర్స్ట్, బోడిన్ కాలేజీలు విదేశీ విద్యార్థి కుటుంబ ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకోవు. దీన్ని నీడ్-బ్లైండ్ విధానం అంటారు. విలియమ్స్, స్వార్థ్‌మోర్, పొమోనా తీసుకుంటాయి. అది నీడ్-అవేర్. అలాంటి చోట పెద్ద మొత్తం అడిగిన విదేశీ విద్యార్థికి పోటీ ఇంకా గట్టిగా ఉంటుంది. అయితే ఈ ఐదు కాలేజీలూ ఒకసారి సీటు ఇచ్చాక, తాము లెక్కగట్టిన అవసరం (అంటే ఖర్చులో కుటుంబం కట్టలేని భాగం) మొత్తాన్నీ భరిస్తాయి.

తర్వాత అడగడం అన్నది మాత్రం చాలా చోట్ల కుదరదు. దరఖాస్తుతో పాటు సాయం కోరని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లలో మళ్లీ కోరే అవకాశం ఉండదని చాలా కాలేజీల నిబంధన. ఏడాదికి మొత్తం ఖర్చు సుమారు 90 వేల డాలర్లు, రూపాయల్లో 75 లక్షలకు పైమాటే. ఇంటి స్థలం అమ్మి మొదటి ఏడాది కట్టి, రెండో ఏడాది మధ్యలో పిల్లవాణ్ని వెనక్కి పిలిపించుకున్న కుటుంబం నాకు తెలుసు. ఆ తండ్రి నా ఎదుట మాట్లాడలేక కూర్చున్న సాయంత్రం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అప్పటినుంచి కాలేజీల జాబితా మాట ఎత్తకముందే, అప్పు లేకుండా ఏడాదికి ఎంత కట్టగలరో కాగితం మీద రాయమని అడుగుతున్నాను. ఐదు లక్షలంటే జాబితా ఒకలా ఉంటుంది, యాభై లక్షలంటే ఇంకోలా.

సాయం కోసం చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. ఆదాయం, పొలం, ఇల్లు, బ్యాంకు నిల్వ, అప్పులు అన్నీ అందులో రాయాలి. రైతు కుటుంబాలకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి చాలామంది దగ్గర రిటర్నులు ఉండవు. ఆ సంగతి వివరిస్తూ లేఖ రాసి, పట్టాదారు పాసుపుస్తకం నకలు, పంట అమ్మిన రశీదులు జతచేయండి. రేషను కార్డు కోసం ఎప్పుడో తక్కువ చేసి రాయించిన ఆదాయ ధ్రువీకరణ పత్రాన్ని దయచేసి పంపకండి. అది అబద్ధం. బ్యాంకు ఖాతా వేరే అంకె చూపిన క్షణాన మీ బిడ్డ రాసిన ప్రతి మాట మీదా నమ్మకం పోతుంది.

అపోహ: ర్యాంకు బాగుంటే మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తారు.

వాస్తవం: ఆమ్‌హెర్స్ట్, విలియమ్స్ అవసరాన్ని బట్టే సాయం చేస్తాయి, మార్కులను బట్టి కాదు. మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీలు వేరే ఉన్నాయి. ఫీజు కొంత కట్టగలిగిన మధ్యతరగతి కుటుంబాలు వాటిని తప్పక చూడాలి.

అపోహ: నవంబరులో ఎర్లీ డెసిషన్ కింద పెడితే సీటు ఖాయం.

వాస్తవం: అది తప్పక చేరతానని ఒకే కాలేజీకి ముందుగా ఇచ్చే మాట. సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. వచ్చిన సాయం చాలకపోతేనే ఆ మాట నుంచి విడుదల కోరవచ్చు. ఆ విడతలో సీట్ల శాతం ఎక్కువగా కనిపిస్తుంది కానీ, కాలేజీ జట్ల కోసం ముందే ఎంచుకున్న క్రీడాకారులు కూడా ఆ లెక్కలోనే ఉంటారు. నాలుగు కాలేజీల సాయాన్ని పోల్చి చూసుకోవాల్సిన ఇంటికి అలాంటి కట్టుబాటు లేని జనవరి విడతే మేలని నా అభిప్రాయం.

అపోహ: సర్టిఫికెట్లు ఎంత ఎక్కువగా ఉంటే అంత బలం.

వాస్తవం: చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపే వెబ్‌సైటు కామన్ యాప్. అందులో చదువు బయటి పనులకు పది గడులే ఉంటాయి, ఒక్కో వివరణ 150 అక్షరాలు దాటకూడదు. డబ్బు కట్టి పేరు వేయించుకున్న పరిశోధన పత్రం కన్నా ఇంటి దుకాణంలో రోజూ లెక్కలు చూడటం గొప్ప పని. దాన్ని అక్కడ రాయవచ్చు కూడా. దరఖాస్తుతో రాసే వ్యాసానికి 650 పదాల హద్దు. ఒక అమ్మాయి మొదటి చిత్తుప్రతి నిండా నాయకత్వం అనే మాటే. రెండోసారి గుంటూరు మిర్చి యార్డులో తండ్రి వెంట నిలబడి తూకం ఎలా గమనించేదో రాసింది. చదువుతుంటే నాకు ఘాటు తగిలింది. అలాంటి వ్యాసం ఎవరూ డబ్బుకు రాసివ్వలేరు, రాయించుకోకూడదు కూడా.

అపోహ: సిఫారసు లేఖ మనమే రాసుకుని సారుతో సంతకం పెట్టిస్తే సరిపోతుంది.

వాస్తవం: మూడు లేఖలూ ఒకే మనిషి రాసిన తీరులో ఉంటే చదివేవారికి తెలిసిపోతుంది. మన పిల్లలకు ఉన్న అసలు ఇబ్బంది వేరు. పదో తరగతి తర్వాత బడి మారుతుంది, జూనియర్ కాలేజీలో లెక్చరరుకు పిల్లల పేర్లే గుర్తుండవు. అందుకే ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఒక లెక్చరరు దగ్గర సందేహాలు అడగడం అలవాటు చేసుకోవాలి. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల వివరాలు కావాలి కాబట్టి, రెండో ఏడాది మొదట్లో, జూన్‌లోనే పాత బడికి వెళ్లి 9, 10 తరగతుల మార్కులు లెటర్‌హెడ్ మీద, ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్రతో తీసుకోండి. అక్టోబరులో వెళితే దసరా సెలవుల్లో తాళం వేసిన గేటు ఎదురవుతుంది.